ముక్కు కింద విబూది

మా అక్క పోయిన ఇరవయ్యో రోజున నా ఫ్రిజ్ చెడిపోయింది. బాగుచేసే మనిషి నంబరు ఉంటే నేనే ఫోన్ చేసి, ఫ్రిజ్ పని చేయడం లేదు, ఒకసారి వచ్చి చూడండి అన్నాను. అతను హలో హలో అన్నాడు. మళ్ళీ చెప్పాను. అతను పక్కవాళ్లతో "ఎవురో పిల్లోళ్లు ఆట్లాడతాండారప్పా" అని పెట్టేశాడు. నాకు అరవై ఆరేళ్లు. విరిగిపోయిన పాలు పారబోసి, ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. అంతవరకు మదనపల్లెలో మా ఇంట్లో ఏది చెడినా కుప్పంలో ఉన్న మా అక్క పార్వతికి మెసేజ్ పెట్టేదాన్ని. మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో కూర్చుని ఆమె మా వీధి చివరి మనిషికి ఫోన్ చేసి, బతిమాలో బెదిరించో మా గుమ్మంలోకి పంపేది. కరెంటు ఆఫీసుకు, మందుల అంగడికి, చివరికి నేను రాసే పిల్లల కథల పుస్తకాలు వేసే ప్రచురణకర్తకు కూడా నా తరఫున మాట్లాడేది ఆమే. "సుశీలను మాట్లాడుతున్నా" అనే చెప్పేది. అక్క పోయిందని తెలిసి పరామర్శకు వచ్చిన ఆ ప్రచురణకర్త నా గొంతు విని బిత్తరపోయాడు. అన్నేళ్లుగా ఆయన మాట్లాడిన సుశీల వేరే.

నేను అంగిలి చీలి పుట్టాను. పెదవి బాగానే ఉంది కాబట్టి నోరు మూసుకుని ఉన్నంతసేపు నాలో లోపమేమీ కనిపించదు. ఈ మాట నేను గర్వంగా చెప్పుకునేదాన్ని ఒకప్పుడు. నోటి పైకప్పు చీలి ఉంటే మాట్లాడేటప్పుడు గాలి నోట్లో నిలవదు, ముక్కులోకి జారిపోతుంది. ప, బ, త, ద, క, గ లాంటి అక్షరాలకు నోట్లో గాలి ఒక్క క్షణమైనా ఆగాలి. నాకు ఆగదు. అందుకే నా మాటలన్నీ ఒకే రకం మూలుగులా వినిపిస్తాయి. తొమ్మిదో ఏట ఆపరేషన్ చేసి చీలిక మూశారు. చక్కగా మూశారు, ఈనాటికీ నాలుకతో తడిమి చూస్తే నున్నగా ఉంటుంది. మాట మాత్రం రాలేదు. ఎందుకు రాలేదన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అడగని ప్రశ్న. ఎవరికి వారు తప్పు తమదే అనుకుని మోసుకుంటూ పోయారు. నేను మాత్రం తప్పు ఇంకొకరిదని అనుకున్నాను, ఎవరిదో కూడా అనుకున్నాను.

ఆ ఇంకొకరు మా అక్కే. ఈ సంగతి ఆమెకు తెలుసని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆమె మనవరాలు లాస్య కూడా అంగిలి చీలే పుట్టింది. మా వంశంలో ఇది ఉందని డాక్టర్లు అన్నారు. బెంగుళూరులో పదకొండో నెలలోనే ఆపరేషన్ చేయించారు. తర్వాత కుప్పంలో మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి తీసుకుపోతే, ఆ అమ్మాయి మొదటి రోజే మా అక్కను పక్కకు పిలిచి, పాప సైగ చేయగానే మీరు అందించొద్దు, పాప బదులు మీరు జవాబు చెప్పొద్దు అని గట్టిగా చెప్పిందట. ఆ తర్వాత వచ్చిన చలికాలంలో అక్క మదనపల్లె వచ్చింది. ఇద్దరం నానబెట్టిన అనపగింజల తోలు పితుకుతూ నేలమీద కూర్చున్నాం. ఉన్నట్టుండి ఆమె, "సుశీ, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నీ మాటలన్నీ నేనే మాట్లాడేసినానా? నేను నోరు మూసుకోని ఉంటే నీకు మాటలొచ్చుండునా?" అంది. నేను తలెత్తలేదు. గింజలు పితుకుతూనే ఉన్నాను. కాదని ఒక్క తల ఊపు ఊపితే సరిపోయేది. అది ఊపలేకపోయాను, ఎందుకంటే అవునేమో అని నలభై ఏళ్లకు పైగా అనుకుంటున్నాను. నా ముఖం చదవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. జవాబు తీసుకుని, పప్పు కడిగి, పొయ్యిమీద పెట్టింది. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. రెండేళ్లకు పోయింది.

మొన్న ఆమె సంవత్సరికానికి కుప్పం బయలుదేరాను. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే మా అంగడి ఉన్న వీధి మొదలు కనిపించింది. మేం పుట్టి పెరిగింది ఆ వీధిలోనే. ముందు అంగడి, వెనక ఇల్లు. నాయన చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు అమ్మేవాడు. చింతపండు వాసన మా ఇంట్లో దుప్పట్లకు కూడా ఉండేది. మిరపకాయల బస్తా విప్పిన రోజున ఇంటిల్లిపాదీ తుమ్ముతూ పని చేసుకునేవాళ్లం. తెల్లవారగానే అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, అంగడి ముందు నీళ్లు చల్లి, లోపలికి వచ్చి రాగిపిండి జల్లించేది. మధ్యాహ్నం సంగటి, అందులోకి ఊరిబిండి పచ్చడి. సాయంత్రం అంగట్లో లాంతరు వెలిగించగానే అమ్మ వచ్చి దానికి దణ్ణం పెట్టుకుని పోయేది. ఆ ఇంట్లో అందరి గొంతులూ పెద్దవే. అంగట్లోంచి వంటింట్లోకి కేక వేసి మాట్లాడుకోవడమే వాళ్లకు అలవాటు. నేను పుట్టేదాకా అలాగే ఉండేదట.

నేను పాలు పీల్చలేకపోయేదాన్ని. పట్టిన పాలు ముక్కులోంచి వచ్చేవి. అవ్వ నన్ను కాళ్లమీద నిలువుగా కూర్చోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో ఒక్కో చుక్కా గొంతులోకి జారవిడిచి బతికించింది. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత చెప్పబోయే దానికి ఆమె మీద కోపం తెచ్చుకుంటారని భయం. అమ్మ సంగతి వేరే. నేను కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పూట వంకాయ తరిగిందట. పట్టుకుని తరిగింది ఒక్క వంకాయే, అదీ మరిచిపోయి. కానీ నన్ను చూసిన ప్రతిసారీ ఆ వంకాయే ఆమెకు కనిపించేది. నా వైపు ఎక్కువసేపు చూసేది కాదు. చిన్నప్పుడు అది నా మీద అయిష్టం అనుకున్నాను. అది నా జీవితంలో నేను చేసిన పెద్ద పొరపాట్లలో ఒకటి.

తొమ్మిదో ఏట నాయనకు ఎవరో చెప్పారు, తమిళనాడు వైపు ఒక పెద్దాసుపత్రిలో దీన్ని కుడుతున్నారని. అంగడి పదిహేను రోజులు మూసి నన్ను తీసుకుపోయాడు. ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది తక్కువ. మెలకువ వచ్చాక నోట్లో దారం రుచి, పక్కమంచం పిల్ల ఏడుపు, నాయన చొక్కాకు ఉన్న చింతపండు వాసన. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మూడు వారాలు జావలే తాగించాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, ఎక్కువ మాట్లాడించకూడదు అన్నాడు. నయమైన తర్వాత మాత్రం బాగా మాట్లాడించాలి, ఒక్కో అక్షరం కొత్తగా నేర్పించాలి, ఆరు నెలలకు మళ్ళీ తీసుకురావాలి అన్నాడు. నాయన ఇదంతా ఒక్క ముక్క పోకుండా ఇంట్లో చెప్పాడు. అవ్వ అందులోంచి "నయమైన తర్వాత" అన్న మాటను గట్టిగా పట్టుకుంది.

నయమైందో లేదో ఎలా తెలుస్తుంది? నోట్లో వేలు పెట్టి చూడటానికి లేదు. అవ్వ ఒక పరీక్ష కనిపెట్టింది. శుక్రవారం తలంటి పోశాక దేవుడి గూటి ముందు నన్ను కూర్చోబెట్టి, తమలపాకు మీద చిటికెడు విబూది పోసి, ఆ ఆకును నా ముక్కు కింద ఆనించి పట్టుకునేది. "అమ్మా అను పాపా" అనేది. కొత్తగా కుట్టిన నోట్లో మొదట పలకాల్సిన మాట అదేనని ఆమె నమ్మకం. అమ్మకు కాస్త సంతోషంగా ఉంటుందని కూడా అనుకుని ఉంటుంది. నేను "అమ్మా" అనేదాన్ని. విబూది కదిలేది. కొంచెం లేచి ఆకు అంచు మీదుగా రాలేది. అవ్వ ఆకు మడిచి పక్కన పెట్టి, నా ముక్కు తుడిచి, "ఇంగా మూసుకోలా. గాలి ముక్కులోకే పోతాంది. మాట్లాడొద్దు పాపా, లోపల పచ్చిగా ఉండాది, కుట్లు తెగిపోతాయి" అనేది. అమ్మ వంటింటి గడపలో తడి చేతులతో నిలబడి చూసేది. విబూది కదలగానే లోపలికి పోయేది.

మూడు వారాలు మూడు నెలలయ్యాయి. నాయన ఒకసారి అడిగాడు. "డాక్టరు మూడు వారాలే కదమ్మా అనింది?"

"డాక్టరు ఈడికొచ్చి సూసినాడా? నేను నా కండ్లతో సూస్తాండా. అమ్మా అంటే విబూది ఎగిరిపోతాంది. ఇప్పుడు బిడ్డతో వాగించి కుట్లు తెంచుకోని, మళ్ళా కోయించుకోవాల్నా?"

"ఆర్నెల్లకు రమ్మన్నారు మల్ల."

"మానినాక పోదాం. మానకుండా పోతే ఏం సూపిస్తావు?"

నాయన లేచి అంగట్లోకి పోయాడు. అంగట్లో ఎంత గొంతున్నా ఆ గడప దాటి లోపలికి వస్తే ఆయన అవ్వ మాటకు ఎదురు చెప్పడు. ఆరు నెలలు వచ్చాయి, పోయాయి. ఆసుపత్రికి పోలేదు. ఆ యేడాదంతా శుక్రవారం ఒక్క "అమ్మా" తప్ప నేను నోరు విప్పలేదు. విప్పితే కొట్టేవాళ్లు కాదు, అంతకన్నా పెద్ద శిక్ష ఉండేది. అవ్వ భయపడిపోయేది. నేను పొరపాటున ఏదో అనబోతే చేతిలో ఉన్నది పడేసి పరిగెత్తి వచ్చి నా నోటికి తన అరచేయి అడ్డం పెట్టేది. ఆ అరచేతికి ఎప్పుడూ రాగిపిండి వాసన.

అప్పటినుంచే అక్క నా నోరైంది. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నేను ఏం కావాలనుకుంటున్నానో నేను అనుకోవడం పూర్తయ్యేలోగా చెప్పేసేది. బడిలో నన్ను పాఠం అప్పజెప్పమంటే అయ్యవారు ఎవరినో పంపి ఏడో తరగతిలోంచి అక్కను పిలిపించేవాడు. ఆమె వచ్చి నా పక్కన నిలబడి నా కళ్లలోకి చూసేది. నేను వేళ్లతో చూపించేదాన్ని, ఆమె పైకి చెప్పేది. ఎక్కం తప్పు చూపిస్తే తప్పే చెప్పేది. ఆమెకు సరైనది తెలుసు, అయినా దిద్దేది కాదు. "అది సుశీల లెక్క సార్, నాది కాదు" అనేది. ఇద్దరికీ కలిపి దెబ్బలు పడేవి. ఎవరైనా నన్ను ముక్కుపాప అని పిలిస్తే మాత్రం ఆమె తన సొంత నోటితో మాట్లాడేది. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

రెండేళ్ల తర్వాత ఒక శుక్రవారం అవ్వ ఆకు తీసుకురాలేదు. నేను తలంటి పోసుకుని జుట్టు విరబోసుకుని దేవుడి గూటి ముందు కూర్చుని ఎదురుచూశాను. వంటింట్లో ఆమె అమ్మతో "దీని రాత ఇంతేనేమో. ఇంగ దేవుడే సూసుకోవాల" అంటున్నది వినిపించింది. అంతే. మాట్లాడవచ్చునని గానీ కూడదని గానీ నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత నేనే అప్పుడప్పుడు మాట్లాడి చూశాను. మునుపటి మూలుగే. ఇంట్లోవాళ్లు వినగానే "ఏంది పార్వతీ, ఏమంటాంది?" అని అక్క వైపు తిరిగేవాళ్లు. కష్టపడి ఒక మాట పలికినా అది చివరికి అక్క నోటి మీదుగానే వాళ్లకు చేరేది. అలాంటప్పుడు కష్టపడటం ఎందుకని నేనూ మానేశాను. సౌకర్యంగా ఉండేది. నిజం ఒప్పుకోవాలి కదా, చాలా సౌకర్యంగా ఉండేది.

నా పదిహేనో ఏట అక్కకు కుప్పం సంబంధం కుదిరింది. ఆమె వెళ్లిపోయిన మరునాడు అమ్మ అన్నం పెట్టి ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది. నేను ఏదో అన్నాను. అమ్మ అలవాటుగా పక్కకు తిరిగింది. పక్కన ఎవరూ లేరు. ఇద్దరం కాసేపు ఆ ఖాళీ పీట వైపు చూశాం. ఆ ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం, అంగట్లోకి రోజుకు యాభైమంది వచ్చిపోయేవాళ్లు, అయినా వారాల తరబడి నాతో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నేను చెప్పేది అర్థం కాదన్న మొహమాటంతో అడగడమే మానేశారు. అన్నీ ముందే అమర్చేవాళ్లు. ఏదీ అడగాల్సిన పని లేకుండా బతకడం ఎంత ఒంటరితనమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆ సంవత్సరాల్లోనే నాకు అక్క మీద కోపం మొదలైంది. నన్ను ఇలా తయారుచేసి వెళ్లిపోయిందని. పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసేదాన్ని, ఈ ఒక్క మాట తప్ప అన్నీ రాసేదాన్ని. తర్వాత నాయన స్నేహితుడు మదనపల్లెలో ప్రెస్సు నడుపుతుంటే నన్ను అక్కడ ప్రూఫులు దిద్దే పనిలో పెట్టారు. యంత్రాల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడని చోటు అది. నాకు సరిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను, ఆ మధ్యలోనే అవ్వా, నాయనా, అమ్మా ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు.

సంవత్సరికం ముగిసిన మరునాడు అక్క కోడలు రేఖ, లాస్య వాళ్లమ్మ, "చిన్నత్తా, ఈ పొద్దు పాపను అఖిల మేడం దగ్గరికి తీసకపోవాల. నువ్వూ రాకూడదా? ఊరికే కూర్చోని ఏం చేస్తావు?" అంది. అక్క కొడుకు బెంగుళూరు రైలెక్కి ఉద్యోగానికి పోయాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండటం ఇష్టం లేక వెళ్లాను. చిన్న గది, గోడకు జంతువుల బొమ్మలు, చాప మీద నాలుగైదు బంతులు. బయట బెంచీ మీద శాంతిపురం నుంచి వచ్చిన ఒక తల్లి, నాలుగేళ్ల కొడుకుతో కూర్చుని ఉంది. పక్కామె ఆ పిల్లాణ్ణి పేరు అడిగితే తల్లి చెప్పింది. ఏం తిన్నావని అడిగితే తల్లే చెప్పింది. వాడు తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. రెండో ఆపరేషన్ కూడా కావాల్సి రావచ్చన్నారని ఆ తల్లి రేఖతో చెబుతోంది. అందరికీ లాస్యలా ఒక్కసారితో మాట సాఫీగా రాదు. ఇంత చిన్న వయసులో చేసినా కొందరికి ఏళ్లు పడుతుంది.

లోపల మాటలు నేర్పే అఖిల, ఇరవై ఆరేడేళ్ల అమ్మాయి, చిన్న చేతి అద్దం తీసి లాస్య ముక్కు కింద పెట్టింది. "పాప, పాట, పీట చెప్పు" అంది. లాస్య గడగడా చెప్పింది. అద్దం తేటగా ఉంది. "కాకి, కోతి, గాజు." తేటగానే ఉంది. ఇక చాలు అన్నట్టు అఖిల అద్దం తీయబోతుంటే లాస్య గుమ్మం వైపు తిరిగి "అమ్మా, అయిపోయింది" అంది. ముక్కులోంచి వచ్చిన గాలికి అద్దం మీద మబ్బు పట్టింది. నేను స్పష్టంగా చూశాను. చీలిక మళ్ళీ తెరుచుకుందా, ఈ పిల్ల కూడానా అనుకున్నాను. బ్యాగులో ఎప్పుడూ పెట్టుకునే నోటుపుస్తకం తీసి "ఇంకా మూసుకోలేదా?" అని రాసి చూపించాను.

అఖిల చదివి, అద్దం వైపు చూసి, నవ్వింది. "లేదు మేడం, బాగుంది. అమ్మా అంది కదా, అందుకే. మ, న ఎవరికైనా ముక్కులోంచే వస్తాయి. నాకూ అంతే, చూడండి" అని అద్దం తన ముక్కు కింద పెట్టుకుని "అమ్మా" అంది. మబ్బు పట్టింది. రేఖ ముక్కు కింద పెట్టి అనమంది. మబ్బు పట్టింది. "ఈ పరీక్షకు అమ్మ అనే మాట అసలు వాడం. పా, బా వాడతాం."

నేను పుస్తకంలో మా అవ్వ సంగతి రాశాను. ఆకు, విబూది, శుక్రవారాలు, రెండేళ్లు. రాయడానికి చాలాసేపు పట్టింది. బయటి పిల్లవాడి వంతు వచ్చినా అఖిల వాళ్లను కాసేపు ఆగమని, నేను రాస్తున్నంతసేపూ నా పక్కనే నిలబడింది. చదివి పుస్తకం నా చేతికిచ్చింది. "తొమ్మిదేళ్లకు ఆపరేషన్ అంటే చాలా లేటు మేడం. మాట పూర్తిగా వచ్చుండేదని నేను చెప్పలేను" అంది. "కానీ గాయం మానినాక మాట్లాడనిచ్చి, నేర్పించి ఉంటే కొంత వచ్చేది. మీరు చెప్పేది బట్టి మీకు అప్పటికే మానిపోయి ఉంటుంది."

ఆటోలో కుప్పం బజారు మీదుగా వస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. ఆ ఇంట్లో విబూది ఎవరి ముక్కు కింద పెట్టినా కదిలేదే. అవ్వదీ, నాయనదీ, గడపలో నిలబడ్డ అమ్మదీ, అక్కదీ. బాగున్నవాళ్లకు కూడా ఒకసారి పరీక్ష పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. అవ్వ మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, రాలేదు. ఉగ్గుగిన్నె అడ్డం వచ్చింది. గడప దాటి లోపలికి పోయిన అమ్మ గుర్తొచ్చింది. తనను పిలిచిన పిలుపే బిడ్డకు గండమైందని ఆమె ప్రతి శుక్రవారం చూసింది, అదే నమ్మకంతో చనిపోయింది. అన్నిటికన్నా మా అక్క. ఆమె నా మాటలు లాక్కోలేదు. లేని మాటలకు తన నోరు అరువిచ్చింది. అడిగిన రోజున ఈ సంగతి నాకు తెలిసి ఉంటే తల ఊపేదాన్ని, ఊపడం కాదు, నోటితో చెప్పేదాన్ని, అర్థమయ్యేదాకా చెప్పేదాన్ని. నేను తోలు పితుకుతూ కూర్చున్నాను. తను అడిగింది, నేను ఊరుకున్నాను, ఇప్పుడు జవాబు దొరికింది, ఇవ్వడానికి మనిషి లేదు. ఈ బాధకు మందు ఏదో ఉంటుందని నేను అనుకోవడం లేదు.

సాయంత్రం రేఖ వంటింట్లో పిండి కలుపుతుంటే దగ్గర కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చేతులకు పిండి ఉంది, రాసిస్తే చదవడానికి లేదు. అందుకే నోటితోనే చెప్పాను. ఇది ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను. రేఖ మంచి పిల్ల. "ఊ... అవునా చిన్నత్తా... అట్లనా" అంటూ తల ఊపింది. ఊపకూడని చోట కూడా ఊపింది. విబూది అంటే నవ్వింది. ఆ ఊపు నాకు కొత్త కాదు. బ్యాంకులో, బస్సులో, బంధువుల ఇళ్లల్లో నాకు అందరూ వేసిన భిక్ష అదే. అర్థం కాలేదని నా ముఖం మీద అంటే నేను నొచ్చుకుంటానని ఎంతో మర్యాదగా అర్థమైనట్టు ఉంటారు. నేను మధ్యలోనే ఆపేశాను. ఆపానన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు, ఇంకో రెండుసార్లు ఊ కొట్టింది.

గుమ్మం దగ్గర కూర్చుని రంగు పెన్సిళ్లు చెక్కుకుంటున్న లాస్య లేచి వచ్చింది. నా ముందు నిలబడి, "చిన్నవ్వా, నువ్వు చెప్పింది నాకు అర్థం కాలా. మళ్ళా చెప్పు" అంది.

రేఖ ముఖం ఎర్రబడింది. "అట్ల అనకూడదు పాపా. అవ్వకు బాధైతాది."

"యాల బాధ? అఖిల మేడం నన్ను రోజూ అట్లే అంటాది. మళ్ళా చెప్పు అంటాది. నేను చెప్తా."

అరవై ఆరేళ్లలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి అది. నా మాట అర్థమైంది ఒక్క మా అక్కకే, మిగతా ప్రపంచమంతా అర్థమైనట్టు నటించింది. మళ్ళీ చెప్పు అని ఎవరూ అడగలేదు. నేను కుర్చీ దిగి నేలమీద దాని ఎదురుగా కూర్చున్నాను. మొదటినుంచి చెప్పాను. రెండో మాట దగ్గరే ఆపింది. "మళ్ళా. మెల్లగా." చెప్పాను. మళ్ళీ ఆపింది. దానికి జాలి లేదు, విసుగూ లేదు. ఒక్కో మాట దగ్గర నా నోటి వైపే చూస్తూ, తను అనుకున్నది పైకి అని చూసి, నేను అడ్డంగా తల ఊపితే ఇంకోటి అని చూసి, చివరికి పట్టుకునేది. రేఖ పిండి కలపడం ఆపి వింటోంది. ఆకు దగ్గరికి వచ్చేసరికే బాగా పొద్దుగూకింది. నాకు గొంతు నొప్పి పుట్టింది, దవడలు లాగాయి. ఒకేసారి అంత మాట్లాడటం నాకు తెలిసి అదే మొదలు. విబూది కదిలిందని, ఇంకా మానలేదని అవ్వ అన్నదని, నన్ను మాట్లాడనివ్వలేదని, ఒక్కో ముక్కే అందించాను, ఒక్కో ముక్కే అందుకుంది.

లాస్య అంతా వింది. దాని ముఖంలో కోపం లాంటిది కనిపించింది.

"అమ్మా అంటే అందరికీ ముక్కులోంచే వస్తాది గదా" అంది. "మీ అవ్వకు చెప్పేదానికి ఎవురూ లేరా?"

"ఎవరూ లేరు" అన్నాను.

మళ్ళీ చెప్పమనలేదు.